తప్పని రాసిచ్చిన కాగితం

గైడెన్స్ అంటే ఏమిటో మా అవ్వకు చెప్పడానికి నేను పడ్డ తిప్పలకు ఇంకొకరైతే రెండు పీహెచ్‌డీలు ముగించి ఉండేవాళ్లు. అవ్వ అంటే మా అమ్మే, మా దిక్కున తల్లిని అట్లాగే పిలుస్తాం. "బడి పిల్లలను అడిగి, ఎవరికి ఏ చదువు సరిపోతదో, ఏ నౌకరీ సరిపోతదో చెప్పుడే అవ్వా నా పని" అంటే, "అడిగితే చెప్తరా ఎవలన్న?" అని నవ్వేది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండేది. నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. నిజామాబాద్‌లో మా గల్లీ మొత్తానికీ ఆ సంగతి తెలుసు.

అవ్వ మెథడిస్టు చర్చిలో బైబిల్ స్త్రీ. ఊళ్లు తిరిగి, ఇండ్లలో ఆడవాళ్లతో మాట్లాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసి రావడం ఆమె పని. బోధన్ దిక్కు, చందూర్ దిక్కు, బస్సు ఉన్నంత దూరం బస్సులో, ఆపైన నడిచి పోయేది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరింటికి పోయినా ఒట్టి చేతులతో కూర్చోదు. వాళ్లు బియ్యంలో రాళ్లు ఏరుతుంటే తనూ చాటలో చెయ్యి పెడుతుంది. పసుపు తవ్వే రోజుల్లో ఇంటి ముందర కుప్ప పోసుకొని గడ్డల నుంచి కొమ్ములు విరుస్తుంటే, తనూ ఒక పక్కన కూర్చొని విరుస్తుంది. ఆ రోజుల్లో ఆమె గోళ్లు పచ్చగా ఉండేవి. ఆదివారం ఆ చేతులతోనే చర్చికి వచ్చేది. నేను లెక్చరర్‌నయ్యాక ఆ చేతులు నాకు నామోషీగా అనిపించేవి. ఇప్పుడు ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది నేను మెట్రిక్ పాసయ్యాను. బాపు నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ముందు నౌకరీ, తర్వాతే చదువు. టీచర్ ట్రైనింగ్ చేసి, పొద్దంతా పిల్లలకు ఎక్కాలు చెప్పి, సాయంత్రాలు నా పుస్తకాలు ముందేసుకొని, ప్రైవేటుగా బీఏ కట్టాను. బీఎడ్, ఎంఎడ్ హైదరాబాదులో. అక్కడ ఒక ప్రొఫెసర్ గారు గైడెన్స్ గురించి పాఠం చెప్పినప్పుడు నేను బెంచీ మీద ముందుకు వంగి విన్నాను. పిల్లవాడిని కూర్చోబెట్టి "నీకేం కావాలని ఉంది?" అని అడిగే పని కూడా ఒకటి ఉంటుందా లోకంలో! నన్నెవరూ అట్లా అడగలేదు. నాకు ఏది ఇష్టమో చూసుకునే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

తిరిగొచ్చి నిజామాబాద్‌లో ఒక టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చేరాను. హైస్కూలు మాస్టర్లు కొన్ని వారాలు వచ్చి, పిల్లలకు సలహా చెప్పే పద్ధతి నేర్చుకొని పోయే కోర్సు నా చేతిలో పెట్టారు. దానితోపాటే ఆ ప్రొఫెసర్ గారి దగ్గరే పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నాను. చెరకు పండే ఊళ్లలో హైస్కూలు పిల్లలు ఏం కావాలనుకుంటున్నారు, ఇదీ నా విషయం.

పుస్తకాల్లో రాసింది స్పష్టంగా ఉంది. విడిగా ఒక గది ఉండాలి. తలుపు మూసి ఉండాలి. ఒక బల్ల, అటు పిల్ల, ఇటు నేను. మూడోవారు ఉండరాదు. మా బడుల్లో అట్లాంటి బల్ల ఎక్కడిది? అందుకని కాళ్లు మడిచే బల్ల ఒకటి వడ్రంగితో చేయించుకున్నాను. దాన్ని బస్సు మీదికి ఎక్కించడానికి, దించడానికి ప్రతిసారీ కండక్టర్‌తో లొల్లే. "మేడం, మీరు చదువు చెప్పనీకి పోతున్నరా, హోటల్ పెట్టనీకి పోతున్నరా?" అన్నాడొకాయన. బస్సంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. ఆ రోజుల్లో నా పరిశోధన మీద నాకు అంత గౌరవం.

బోధన్ అవతల ఒక ఊరి హైస్కూల్లో ఒక పిల్లను చూశాను. తొమ్మిదో తరగతి. తండ్రికి కొద్దిపాటి చెరకు, ఒక ఎడ్లబండి. ఆ ఇంట్లో ఆడపిల్ల హైస్కూలు దాకా రావడం అదే మొదలు. చెరకు కొట్టే కాలం కాబట్టి తెల్లారకముందే చేనుకు పోయి, ఎడ్ల మేతకు చెరకు ఆకు మోసుకొచ్చి, ఆ తర్వాత బడికి వచ్చేది. క్లాసులో నిద్రపోతుందని హెడ్మాస్టర్ గారు ముందే చెప్పి ఉంచారు.

తలుపు మూశాను. కూర్చోమంటే కూర్చోలేదు. గట్టిగా అన్నాక కుర్చీ అంచున ఆనీ ఆననట్టు కూర్చుంది. మా దిక్కు బడుల్లో పిల్లను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి తలుపు మూశారంటే తన్నులు పడబోతున్నాయని అర్థం. నేనూ ఆ బడుల్లో చదివినదాన్నే, ఎట్లా మరిచిపోయానో తెలియదు.

"నీకేం చదవాలని ఉంది?" అని అడిగాను.

"మీరెట్లంటే గట్ల, మేడం."

"నేను కాదమ్మా, నీకేం ఇష్టం?"

"మా బాపు ఎట్లంటే గట్ల."

నా దగ్గర అచ్చు వేయించిన జాబితా ఉంది. టీచర్, నర్సు, గ్రామసేవిక, కుట్టుపని. ఒక్కొక్కటి చదివాను. అన్నిటికీ తలూపింది. బస్సుకు టైమవుతోంది. దాని తర్వాత ఇంకో బస్సు లేదు, బల్ల మడవాలి, మోయాలి. "కుట్టుపని నేర్చుకుంటావా?" అని ఇంకోసారి అడిగాను. "నేర్చుకుంట మేడం" అంది. అది ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మాటే కదా అనుకొని రాసుకున్నాను. "చదువు మీద ఆసక్తి తక్కువ. కుట్టుపని నేర్పిస్తే మేలు."

ఆ కాగితం నా పరిశోధనకు మాత్రమే. ఇంకొకరి చేతికి ఇవ్వగూడదు. కానీ హెడ్మాస్టర్ గారు ఎంతో మర్యాదగా, "మేడం, మీరు రాసిన సలహాలు మాకూ ఒక కాపీ ఇస్తే పిల్లలకు పనికొస్తాయి" అన్నారు. నా సలహా! పనికొస్తుందట! ఉబ్బిపోయాను. ఆ బడి పిల్లల కాగితాలన్నీ శుభ్రంగా నకలు రాసి, సంతకం పెట్టి పంపాను.

ఆ ఏడాది చాలా బడులు తిరిగాను. ఎక్కడికి పోయినా అదే మాట. మీరెట్లంటే గట్ల. సారెట్లంటే గట్ల. అన్నీ కలిపి చూసి ఒక అధ్యాయం రాశాను. ఈ ప్రాంతపు పిల్లలకు తమ భవిష్యత్తు మీద కోరికలు తక్కువ అని తేల్చాను. ప్రొఫెసర్ గారు చదివి, "బాగుందమ్మా, మంచి ఫలితం తేలింది" అన్నారు. నేను ఆ ప్రాంతపు పిల్లనే అని ఆ క్షణాన ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మరుసటి ఏడు పసుపు కాలంలో అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. ఒక్కదాన్ని పంపలేక ఒక సెలవు రోజు నేనూ వెంట పోయాను. బోధన్ దాటి ఒక చిన్న ఊళ్లో నాలుగైదు ఇండ్లు తిరిగాక ఒక వాకిట్లో ఆగాం. ఒక తల్లి, కూతురు పసుపు కుప్ప ముందర కూర్చొని కొమ్ములు విరుస్తున్నారు. అవ్వ పలకరించి, చెప్పులు విడిచి, పోయి పక్కన కూర్చొని ఒక గడ్డ చేతిలోకి తీసుకుంది. నేను చేతిసంచీ పట్టుకొని నిలబడ్డాను.

"నిలబడి సూస్తవేంది? కూసో. నీకు చేతుల్లేవా?" అంది అవ్వ.

ఉతికి గంజి పెట్టిన చీర. పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. అవ్వ ఏమీ అడగలేదు. తన మోకాళ్ల సంగతి చెప్పుకుంది. ఏదో తైలం రాస్తే ఇంకా ఎక్కువైందని నవ్వింది. ఆ తల్లి తన నడుం నొప్పి చెప్పుకుంది. తర్వాత చాలాసేపు కొమ్ములు విరిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. కాసేపటికి తల్లి నీళ్లకు లేచి పోయింది.

అప్పుడు ఆ పిల్ల తలెత్తకుండా, అవ్వతో మాట్లాడటం మొదలుపెట్టింది. బాపు బండి కట్టుకొని పోయి ఫ్యాక్టరీ గేటు కాడ వరసలో ఉంటే సద్ది తీసుకపోతదట. అక్కడ ఒక కిటికీ కనపడతదట. "ఆ గదిల ఒకాయన చెరకు రసాన్ని గాజు గొట్టంల పోసి, ఇట్ల కంటికి పెట్టుకొని సూస్తడవ్వా. సూసి, తీపెంతనో రాస్తడు. నాలిక్కి తగలకుండనే తీపెట్ల తెలుస్తది? ఎన్నిసార్లు నిలబడి సూసిన్నో. గా పని నేర్చుకోవాల్నని ఉండె నాకు."

"ఉండె ఏంది? నేర్చుకో" అంది అవ్వ.

నాకు ప్రాణం లేచొచ్చింది. గది లేదు, బల్ల లేదు, ప్రశ్న కూడా లేదు, ఆ పిల్ల కోరిక దానంతటదే బయటికొచ్చింది. నా జాబితాలో లేని కోరిక. ఆగలేక, "దానికి సైన్సు చదవాలమ్మా! బడికి పోతున్నావా?" అన్నాను.

ఆ పిల్ల చేతులు ఆగలేదు. "పోతలేను. నాకు చదువు పనికిరాదని రాసిండ్రు."

"ఎవరు? ఎవరు రాసింది?" కోపంతో నా గొంతు లేచింది.

ఇంకో గడ్డ తీసుకుంది. ఒక కొమ్ము విరిచింది. "మీరే, మేడం" అంది మెల్లగా.

 బల్ల అవతల కూర్చున్నప్పుడు ఆ ముఖాన్ని చూశానా అసలు? గుర్తే పట్టలేదు. ఆ పిల్ల మాత్రం నేను వాకిట్లో అడుగు పెట్టినప్పుడే గుర్తుపట్టింది. అయినా నాకు కూర్చోవడానికి చోటిచ్చి పక్కకు జరిగింది. నీళ్లతో తిరిగొచ్చిన తల్లి మిగతాది చెప్పింది. హెడ్మాస్టర్ గారు తండ్రిని పిలిపించి, పెద్ద చదువు చదివిన మేడం గారే రాశారు, కుట్టుపని నేర్పించు అని చెప్పారట. ఆ ఊళ్లో కుట్టుమిషనే లేదు. పిల్ల బడి మానేసి చేనుకు పోతోంది.

బస్సు కోసం నడుస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. రోడ్డు మీద చెరకు బండ్లవాళ్లు తిరిగి తిరిగి చూస్తున్నారు.  అవ్వ కసిరింది. "ఎందుకేడుస్తవ్ బిడ్డా? నువ్వేడిస్తే గా పిల్ల బడికి పోతదా? ముందుగాల వాళ్ల బాపును కలువు."

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయాను. బండ్ల వరస రోడ్డు పొడుగునా ఉంది. ఎడ్లను విప్పి, బండ్ల నీడలో మనుషులు పడుకొని ఉన్నారు. అడుగుతూ అడుగుతూ పోతే ఆయన దొరికాడు. లేచి రుమాలు సర్దుకొని నిలబడ్డాడు. బక్కపలచని మనిషి, నాకన్నా కొంచెం పెద్దవాడు. నేనెవరో చెప్పి, పిల్లను తిరిగి బడికి పంపమని అడిగాను.

"గట్లెట్లయితది మేడం? సదువు పనికిరాదని మీరే రాసిండ్రు. నేను పరేషానయి, సరే పెద్దోళ్లు చెప్పిండ్రు గదా అని మాన్పించిన. పిల్ల రెండు రోజులు బువ్వ తినలే. గిప్పుడు మీరే వచ్చి పంపు అంటుండ్రు. రెండిట్ల ఏది నిజం?"

"నేను రాసింది తప్పన్నా."

"మీరు నోటితోని అంటుండ్రు. మొదలు రాసింది కాగితం మీద ఉన్నది. రేపు హెడ్మాస్టర్ సారు కాగితం సూపెడితే నేనేమనాలె?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. "తప్పు రాసిచ్చిండ్రు గద, ఇది గూడ రాసియ్యుండ్రి."

సంచీలోంచి కాగితం తీసి, బండి నొగ మీద అట్ట పెట్టుకొని రాశాను. "ఈ పిల్లకు చదువు మీద ఆసక్తి తక్కువని నేను రాసింది తప్పు. ఆసక్తి ఉంది. అడగడం నాకు చేతకాలేదు." సంతకం పెట్టి ఇచ్చాను. ఆయనకు చదవడం రాదు. పక్క బండి ముసలాయనకిచ్చి చదవమన్నాడు. ముసలాయన గొంతు ఖణీమంటుంది. చదివితే ముందున్న పది బండ్లు, వెనకున్న పది బండ్లు లేచి కూర్చున్నాయి. "అడగడం నాకు చేతకాలేదు" అన్నకాడ ఆగి, నన్ను ఎగాదిగా చూసి, మళ్లీ చదివాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్ల తండ్రి మాత్రం ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రుమాలులో దోపుకొని, "మీరు ఉత్తగ పోవద్దు, చెరకు తినిపోండ్రి" అని గడ విరిచిచ్చాడు. ఏడుస్తూనే తిన్నాను.

పిల్ల బడిలో చేరింది. ఒక ఏడాది చదువు పోయింది. తనకన్నా చిన్నవాళ్ల పక్కన అదే తొమ్మిదో తరగతిలో కూర్చుంది.

నేను నా కాగితాల మూట కట్టుకొని హైదరాబాద్ పోయాను. ప్రొఫెసర్ గారి ముందర పెట్టి, "ఇవేవీ పనికిరావు సార్" అన్నాను. జరిగింది చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఏమ్మా, ఇన్నేళ్ల పని. మళ్లీ మొదటి నుంచి చేస్తారా? ఒక్క పిల్ల విషయంలో పొరపాటు జరిగిందని అన్నీ పారేస్తారా?"

"ఒక్క పిల్ల సంగతి నాకు తెలిసింది సార్. మిగతావాళ్ల సంగతి తెలియలేదు, అంతే. వాళ్లకు కోరికలు లేవని రాశాను. వాళ్ల వాకిట్లో కూర్చునే ఓపిక లేనిది నాకు."

ఆయన వాదించలేదు. "మరి మీ అమ్మగారి పద్ధతిని ఏమంటారు?" అని అడిగారు. దానికి ఆమె ఏ పేరూ పెట్టుకోలేదని చెప్పాను. "అయితే పేరు లేకుండానే రాయండి. గడువు నేను అడిగి ఇప్పిస్తాను" అన్నారు. ఆ మంచితనానికి ఇప్పటికీ నమస్కారం పెడతాను. చెడ్డ అధ్యాయాన్ని మెచ్చుకున్నాయనే దాన్ని చింపడానికి కూడా ఒప్పుకున్నారు.

కిందామీదా పడి మళ్లీ మొదలుపెట్టాను. నకళ్లు పంపిన బడికి పోయి వాటిని వెనక్కి అడిగి తెచ్చుకున్నాను. బల్ల ఇంట్లోనే ఉండిపోయింది, అవ్వ దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకునేది. నేను పిల్లలతోపాటు బడి తోటలో కలుపు తీశాను, చేండ్లలో చెరకు ఆకు ఏరాను, పసుపు విరిచాను. ఇంటికొచ్చాక గుర్తున్నది రాసుకునేదాన్ని. "మేడం పీహెచ్‌డీ మానేసి కూలికి పోతుందట" అని కాలేజీలో వేళాకోళం చేసేవాళ్లు. నాకన్నా వెనక చేరినవాళ్లు నన్ను దాటి పై పోస్టుల్లోకి పోయారు. మండిపోయేది, ఎందుకు మండదు? కానీ ఒక పిల్లవాడు ఆకు ఏరుతూ ఏరుతూ రైలు డ్రైవర్ కావాలని చెప్పిన రోజున, ఇంకొక పిల్ల తన మేనమామను పెండ్లి చేసుకోనని చెప్పిన రోజున, ఆ మంట చల్లారేది. నా కోర్సుకు వచ్చే మాస్టర్లను కూడా గదిలోంచి లేపి పసుపు కుప్పల దగ్గరికి తీసుకుపోయాను. తెల్ల బట్టలు పాడవుతున్నాయని సణిగారు. "కావాలంటే సబ్బు నేను కొనిస్తాను, ముందు కూర్చోండి" అన్నాను.

చివరికి డిగ్రీ వచ్చింది. అట్ట వేయించిన పుస్తకం అవ్వ ఒళ్లో పెట్టాను. అంతా ఇంగ్లీషే. ఆమె దాన్ని తడిమి, కాగితాలు రెండు తిప్పి, "మంచిగున్నది బిడ్డా" అని పక్కన పెట్టి, "గా పిల్ల పరీక్షలేమైనయి?" అని అడిగింది.

ఆ పిల్ల పదో తరగతిలో మొదటిసారి లెక్కలు తప్పింది. బడి మానిన ఆ ఏడాదే దానికి కారణమని నా మనసులో ముల్లు ఉండిపోయింది. మళ్లీ కట్టింది. ఆ ఫలితాలు వచ్చిన వారంలో ఒకరోజు నేను మాస్టర్లకు పాఠం చెబుతుంటే వాకిలి దగ్గర ఆమె తండ్రి నిలబడ్డాడు. చేతిలో రుమాలు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చాడు. 

"పాసయింది మేడం. సైన్సు కాలేజీల చేరుతదట. ఫ్యాక్టరీల ఆ గాజు గొట్టాల పని ఆడపిల్లలకిస్తరో లేదో తెల్వదు. నేనైతే వద్దనలే." రుమాలు విప్పి, నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల కాడ పిగిలిపోయింది. "ఇగ దీంతోని నాకు పని లేదు. గిది మీదే, మీరే తీసుకోండ్రి."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "చింపెయ్యన్నా, ఇంకెందుకది?" అన్నాను.

"అయ్యో, చింపుడెందుకు మేడం? దగ్గర పెట్టుకోండ్రి. మల్ల ఎవలి పిల్ల గురించన్న రాసేటప్పుడు ముంగట పెట్టుకొని రాయుండ్రి" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, ఒక పనిముట్టును దాని మనిషికి అప్పజెప్పినట్టు నా చేతిలో పెట్టాడు. క్లాసు మొత్తం లేచి నిలబడింది. నేను ఆ కాగితం విప్పి, మొదటి నుంచి చివరిదాకా వాళ్లకు చదివి వినిపించాను. ఆయన వాకిలి దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, చివరి వాక్యం దాకా ఆగి విని వెళ్లాడు.